అటక మీది పాత స్టీరియోకి స్పీకర్లు తగిలించే ముందు

మన విశాఖలో చాలా ఇళ్లలో అటక మీద ఒక పాత రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ కలిసి ఉన్న సెట్టు) ఉంటుంది. ఓడల్లో పనిచేసిన మావయ్యో, గల్ఫ్ వెళ్లొచ్చిన బాబాయో ఎప్పుడో తెచ్చిన పయనీర్, సాన్సుయి, మరాంజ్ లాంటి సెట్టు. దానితో వచ్చిన స్పీకర్లు మాత్రం ఈపాటికి పోయి ఉంటాయి. "సెట్టు బాగానే ఉంది మాస్టారూ, కొత్త స్పీకర్లు ఎన్ని వాట్లవి కొనమంటారు?" అని మా కాలనీ కుర్రాళ్లు అడుగుతుంటారు. ముందు అడగాల్సింది వాట్లు కాదు, ఓమ్స్.

స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో చెప్పేదే ఓమ్స్, స్పీకర్ వెనక 4, 6, 8 అని ఆ అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా రిసీవర్ లోపల స్పీకర్‌కి పవర్ ఇచ్చే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండానే పోవాలి. 1970ల సెట్లలో చాలావాటికి 8 ఓమ్స్ హాయి. మీ సెట్టు ఎంతవరకు తట్టుకుంటుందో వెనక పలక మీద, స్పీకర్ వైర్లు పెట్టే చోటే రాసి ఉంటుంది. టార్చి వేసి చదవండి. A, B అంటే రెండు జతల స్పీకర్లు పెట్టే చోట్లు. A గానీ B గానీ ఒక్కటే వాడితే 4 నుంచి 16, రెండూ కలిపి వాడితే 8 నుంచి 16 అని రాసి ఉందంటే అది అక్షరాలా పాటించాల్సిన మాట. చాలా సెట్లలో A, B రెండూ నొక్కితే రెండు జతలూ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కనే ఒకే చోటికి కలిపినట్టు పడతాయి. అప్పుడు 8, 8 కలిసి 4 అవుతుంది. 6, 6 కలిస్తే 3.

నా సెట్టు ఇలాగే పోయింది. ముందు గదిలో 6 ఓమ్స్ జత A కి, వంటింట్లో కారు స్పీకర్లు B కి పెట్టాను. కారు స్పీకర్లు సాధారణంగా 4 ఓమ్స్. రెండూ కలిస్తే 2.4 అవుతుందని అప్పుడు లెక్క వేసుకోలేదు. గంట సేపు పాటలు బాగా వచ్చాయి, తర్వాత కాలిన వాసన, ఎడమ చానల్ నిశ్శబ్దం. బాగుచేసిన చోట వేసిన ట్రాన్సిస్టర్ల మీద నంబరు అదే, లోపల సరుకు వేరు. నెల కూడా నిలవలేదు. ఆ కాలపు అసలు ట్రాన్సిస్టర్లు చాలావరకు తయారవడం ఆగిపోయింది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

వెనక ఓమ్స్ అంకె చెరిగిపోయిన స్పీకర్ అయితే వైరు విప్పేసి మల్టీమీటర్‌తో కొలవండి. మీటర్ చూపేది అసలు అంకె కంటే కాస్త తక్కువ ఉంటుంది. 6 చుట్టుపక్కల వస్తే అది 8 ఓమ్స్ స్పీకర్, 3 పైచిలుకు వస్తే 4 ఓమ్స్.

ఇక వాట్లు. 40 వాట్ల రిసీవర్‌కి 100 వాట్ల స్పీకర్ పెడితే ఏమీ కాదు. ప్రమాదం వేరే చోట ఉంది. చిన్న సెట్టును గొంతు చించుకునేలా పెంచితే శబ్దం చిట్లుతుంది, ఆ చిట్లిన శబ్దమే ట్వీటర్‌ని (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌ని) కాల్చేస్తుంది. అందుకని డీబీల్లో (డెసిబెల్స్‌లో) రాసే సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చూడండి. 3 డీబీ తక్కువున్న స్పీకర్ అదే శబ్దం ఇవ్వాలంటే రెట్టింపు పవర్ కావాలి. తక్కువ వాట్ల పాత సెట్టుకి 90 డీబీ దగ్గర్లో ఉన్నది చూసుకోండి. డబ్బా మీద పీఎంపీఓ (క్షణం పాటు వచ్చే గరిష్ఠ పవర్) అని వేసే వేల వాట్ల అంకెను అసలు పట్టించుకోకండి.

స్పీకర్లు సరిపోయాయి కదా అని వెంటనే ప్లగ్గు పెట్టకండి. అమెరికా సెట్టు 120 వోల్టులది, జపాన్‌లో అమ్మకానికి చేసింది 100 వోల్టులది. మన 230 నేరుగా ఇస్తే అక్కడికక్కడే పోతుంది. వెనక వోల్టేజీ మార్చే స్విచ్ లేకపోతే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. (జపాన్ సెట్టులో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది, మన ప్రైవేటు ఎఫ్ఎంలు అందులో రావు.) ఏళ్లుగా ఆన్ చేయని సెట్టును స్పీకర్లు లేకుండా, మెకానిక్ దగ్గర సిరీస్ బల్బుతో (కరెంటు ఒక బల్బు గుండా సెట్టుకి పోయేలా కట్టి) మొదటిసారి ఆన్ చేయించండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉంది. తర్వాత వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ వైర్లు పెట్టే టెర్మినళ్ల దగ్గర డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వోల్టేజీ ఎంతుందో చూడమనండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వోల్టుల్లో ఉంటే ఏ స్పీకరూ తగిలించకూడదు. ఫ్యూజు పోతే అదే రేటింగ్‌ది వేయండి, తీగ చుట్టి నడిపించవద్దు. మూత మీరు తీయకండి, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది.

మొదటి పాట పాడించేది పోయినా బాధ లేని పాత స్పీకర్ మీద. రెండు రోజులు అది బాగుంటే అప్పుడు మంచివి.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి వైరు మాట ప్రత్యేకంగా చెప్పాలి. లాసన్స్ బే వైపు ఇళ్లలో ఒక్క వానాకాలానికే రాగి తీగకు పచ్చటి చిలుము పడుతుంది. ఆ ముక్క కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలేసి పెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి వెళ్లాలి. ఒక స్పీకర్‌కి తిరగబడితే బేస్ పలచబడిపోతుంది. పాత స్పీకర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ వేలితో మెల్లగా తాకితే పొడిగా రాలుతోందా చూడండి, రాలితే మార్పించాకే వాడాలి. సెట్టు పైన టేబుల్‌క్లాత్ కప్పకండి, వేడి పోవడానికి జానెడు ఖాళీ వదలండి.

అక్టోబరు నుంచి తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే ప్లగ్గుతో పాటు యాంటెన్నా వైరు కూడా పీకేయండి. కరెంటు వచ్చిన వెంటనే పెట్టకండి. లైట్లు మినుకుమినుకుమనకుండా, ఫ్యాన్లు ఒకే వేగంతో తిరుగుతున్నాయని ఒక అరగంట చూసి, ఆ తర్వాత ప్లగ్గు పెట్టండి.