ప్రెస్-ఆన్ గోళ్లు: ఒక సెట్టు పాడుచేశాకే తెలిసింది

ప్రెస్-ఆన్ అంటే మన గోళ్ల మీద గ్లూతోనో స్టిక్కర్లతోనో అంటించుకునే రెడీమేడ్ గోళ్లు. తీశాక శుభ్రం చేసి మళ్లీ పెట్టుకోవచ్చు. అలా శుభ్రం చేయబోయి మొదటిసారి చేసిన పొరపాటు చెప్పేస్తాను. వెనక అంటుకున్న గ్లూ పోతుంది కదా అని సెట్టు మొత్తాన్ని అసిటోన్‌లో (నెయిల్ పాలిష్ తీసే ద్రవం) నానబెట్టాను. కాసేపాగి చూస్తే గ్లూతో పాటు గోళ్లూ మెత్తబడి, వేలికి బంకలా అంటుకుంటున్నాయి. ఇవి ఎక్కువగా ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్‌తో చేసినవి, అసిటోన్ ఆ ప్లాస్టిక్‌నీ కరిగించేస్తుంది. సెట్టు చెత్తబుట్టలోకి పోయింది.

రెండోసారి తీసేటప్పుడే జాగ్రత్తపడ్డాను. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ, రెండు చుక్కల నూనె వేసి పావుగంట వేళ్లు ముంచి కూర్చున్నాను (ఫోన్ ముట్టుకోలేం, అదొక్కటే విసుగు). అంచు లేచాక చెక్కపుల్ల పక్కనుంచి దూర్చి మెల్లగా కదిపితే వచ్చేశాయి. బలవంతంగా పీకితే మన గోరు పైపొర కూడా ఊడొస్తుంది.

స్టిక్కర్లతో అంటించినవి సులువు, వేలితో రుద్దితే జిగురు ఉండలు కట్టి వచ్చేస్తుంది. గ్లూ అలా కాదు, గట్టి పెంకులా ఉంటుంది. దాన్ని గోళ్లు అరగదీసే ఫైల్‌తో లోపలివైపు మాత్రమే గీకాను. అద్దంలా నున్నగా అవ్వక్కర్లేదు, ఎత్తుపల్లాలు లేకపోతే చాలు. మిగిలిన పొడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచాను, పైన రంగుకి తగలకుండా.

తర్వాత రాత్రంతా ఆరబెట్టాను. తడి మిగిలితే పెట్టుకున్న గోరు కింద బ్యాక్టీరియా చేరి మన గోరు మీద ఆకుపచ్చ మరక పడొచ్చు.

ఇప్పుడు అదే సెట్టు మూడోసారి పెట్టుకున్నాను. బొటనవేలిది మాత్రం అంచున చీలింది.