కారు ఫ్లోర్ వెల్డింగ్: నూనె డబ్బా రేకు, తడి గోనెసంచితో లోపలిని కాపాడుకోవడం

మారుతి 800, ఓమ్ని లాంటి పాత బళ్లలో కాళ్ల కింద ఫ్లోర్ తుప్పు పట్టి చిల్లులు పడటం మామూలే. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి ఇంకా తొందరగా పోతుంది. రేకు ముక్క వేసి అతకడం ఒక పూట పని. ఆ పూటలో ఎగిరే రవ్వలకు సీటు, కార్పెట్, అద్దం పాడైతే మాత్రం వాటి ముందు వెల్డింగ్ కూలి ఏ మూలకూ రాదు. లోపలిని కాపాడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. కావలసిందల్లా వెల్డింగ్ మొదలయ్యే ముందు ఒక గంట ఓపిక.

ఎగిరేది ఉత్త మెరుపు కాదు, కరిగిన ఇనుము. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఆవగింజంత బొట్టు కార్పెట్ మీద పడితే పైన నల్లని గట్టి చుక్క ఒకటే కనిపిస్తుంది. కింద ఉన్న పీచు పొర మంట లేకుండా లోలోపలే రాజుకుంటూ పోతుంది. అసలు ప్రమాదం అక్కడే. అద్దం మీద పడిన బొట్టు అందులోకి దిగి అతుక్కుంటుంది. గీకితే ఊడుతుంది గానీ గుంట మిగిలిపోతుంది, అది పాలిష్‌కి పోదు. సీటు ఫోమ్ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. తలుపులు మూసి ఉన్న కారులో ఆ పొగ ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే కప్పడం కంటే తీసేయడం మేలు. ముందు సీట్లు బోల్టులు విప్పితే బయటికి వచ్చేస్తాయి. చాలా బళ్లకు 12 లేదా 14 నంబర్ సాకెట్ సరిపోతుంది. తుప్పు పట్టి కదలకపోతే ముందురోజు రాత్రే కాస్త నూనె వేసి వదిలేయండి. కార్పెట్‌ను సగం మడిచి పక్కకు నెడితే సరిపోదు, మడతలోనే రవ్వ దాక్కుంటుంది. పూర్తిగా తీయండి. దాని కింద నల్లని తారు షీట్లు అతికించి ఉంటే వెల్డు పడే చోటు చుట్టూ కనీసం అరడుగు మేర గీకేయండి. తారు కరిగి అంటుకుంటుంది.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ఆ తర్వాత కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడే సీటు కింది పసుపు కనెక్టర్ (ఎయిర్‌బ్యాగ్ వైర్లది) ముట్టుకోవాలి. వెల్డింగ్ మెషిన్ ఎర్త్ క్లాంపును (ఎర్త్ వైరు చివరి పట్టుకారును) వెల్డు పక్కనే, గీకి మెరిపించిన ఇనుముకే పట్టించండి.

ఇక తీయలేనివాటిని కప్పడానికి ఏం వాడాలన్నది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇప్పుడు బియ్యానికి, ఎరువులకు, సిమెంటుకు వచ్చే సంచుల్లో చాలావరకు ప్లాస్టిక్‌వే. అవి 160 డిగ్రీలకే కరిగి సీటుకు అతుక్కుపోతాయి. పాలిస్టర్ దుప్పట్లు, నైలాన్ చీరలు కూడా అంతే. అనుమానం ఉంటే ఒక పోగు లాగి, బండికి దూరంగా అగ్గిపుల్లతో కాల్చి చూడండి. ముద్దగా కరిగి చుక్కలు కారితే పనికిరాదు. బూడిదైతే అది జనపనారో నూలో, వాడుకోవచ్చు.

కిరాణా కొట్టులో పాత గోనెసంచులు నాలుగైదు తెచ్చుకోండి. 50 కిలోల సంచి కుట్లు విప్పితే దాదాపు మూడున్నర అడుగులకు మూడడుగుల గుడ్డ వస్తుంది. తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి, రెండు పొరలుగా పరవండి. ఎండాకాలంలో పావుగంటకే ఆరిపోతుంది కాబట్టి స్ప్రే బాటిల్ దగ్గర ఉండాలి. వెల్డర్ మోకాళ్ల కింద మాత్రం తడి గోనె వద్దు, షాక్ కొడుతుంది. ఆయనకు పొడి చెక్క పలక వేయండి. ఇంట్లో పాత గొంగళి ఉంటే ఇంకా మంచిది. ఉన్ని తొందరగా అంటుకోదు, మాడి ఆగిపోతుంది.

గోనె ఒక్కటే చాలదు, వెల్డుకు దగ్గరగా రేకు ఉండాలి. దానికి హోటళ్లలో దొరికే 15 కిలోల ఖాళీ నూనె డబ్బా భేషుగ్గా పనికొస్తుంది. పైనా కిందా మూతలు కోసి, ఒక పక్క చీల్చి పరిస్తే సుమారు మూడడుగుల పొడవు, అడుగుకు పైగా వెడల్పు రేకు వస్తుంది. రేకు కత్తెరతోనే కోయండి. లోపలి నూనె జిడ్డు సర్ఫు వేసి వేడినీళ్లతో పూర్తిగా పోవాలి. థిన్నర్, పెట్రోలు పట్టిన డబ్బాల జోలికి అసలు పోవద్దు. రేకు అడుగు అంచును లోపలికి L ఆకారంలో వంచి, వెల్డుకు అరడుగు దూరంలో గోడలా నిలబెట్టండి. రవ్వ నేల మీద దొర్లుతూ రేకు కింది సందులోంచే దూరుతుంది. ఆ సందును తడి గోనె అంచుతో మూసేయండి.

డ్యాష్‌బోర్డు, సీటు బెల్టు, తలుపు రబ్బర్లు తేలిగ్గా మరిచిపోతాం. బెల్టుకు చిన్న చిల్లు పడినా అది మార్చాల్సిందే, యాక్సిడెంట్లో తెగేది అక్కడే. పూర్తిగా చుట్టుకోనిచ్చి పైన గోనె కట్టండి. అద్దాలకు లోపలి నుంచి తడి అట్టముక్క పెట్టండి. గ్రైండర్ వాడేటప్పుడు రవ్వల ధార తెరిచిన తలుపులోంచి బయటికి పోయేలా పట్టుకోవాలి. అద్దంలోకి దిగిన గ్రైండింగ్ పొడి తర్వాత తుప్పు చుక్కలవుతుంది.

రవ్వలు పుట్టడమే తగ్గిస్తే సగం పని తప్పినట్టే. పెయింటు, తుప్పు, జింకు ఉన్న చోట వెల్డు చిటపటలాడుతుంది. అంచు చుట్టూ అంగుళం మేర తెల్లగా మెరిసేదాకా గీకండి. ఈ పల్చటి రేకుకు రాడ్ వెల్డింగ్ కంటే 0.8 ఎంఎం వైరుతో సీఓటూ వెల్డింగ్ నయం. రాడ్ తప్పనిసరైతే 2.5 ఎంఎం రాడ్ కంటే లావు వద్దు, రాడ్లు ఎండలో ఆరబెట్టి పొడిగా ఉంచాలి. లైను లాగకుండా అంగుళానికో చుక్క పెట్టి, వేడి తగ్గాక మధ్యలో నింపుతూ పోవాలి.

బండి కింద కూడా చూడాలి. పెట్రోలు పైపు, బ్రేకు పైపు, వైర్లు ఫ్లోర్ కిందుగానే పోతాయి. వెల్డుకు దగ్గరున్నవాటిని విప్పి పక్కకు తీయాలి. గ్యాస్ కిట్ బండి అయితే సిలిండర్ దించాకే పని. రవ్వలు 35 అడుగుల దాకా ఎగరగలవని లెక్క, కాబట్టి చుట్టుపక్కల థిన్నర్ డబ్బాలు ఉండకూడదు. వెల్డర్‌కు మాస్కులోంచి వెల్డు తప్ప ఏమీ కనపడదు. రెండో మనిషి నీళ్ల బకెట్టుతో రేకు అవతలి వైపే చూస్తూ ఉండాలి.

పని అయ్యాక గంటసేపు బండి దగ్గరే ఉండండి. గోనెలు ఎత్తి, అరచెయ్యి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూడండి. కాలుతున్న వాసన వస్తుంటే ఎక్కడో రాజుకుంటున్నట్టే. పాత స్పీకర్ అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఫ్లోరంతా తిప్పితే మిగిలిన ఇనుప గింజలు అంటుకు వస్తాయి. ప్రైమర్, పెయింటు వేసి పూర్తిగా ఆరాక, మర్నాడే కార్పెట్ బిగించండి.