బైక్ చార్జింగ్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

సెల్ఫ్ నొక్కితే టిక్‌టిక్‌మని ఆగిపోగానే కొత్త బ్యాటరీ కొనేస్తారు. నెల తిరక్కుండా అదీ డౌన్ అవుతుంది. బ్యాటరీ, ఆర్‌ఆర్ యూనిట్ (కాయిల్ ఏసీ కరెంటును డీసీ చేసి, వోల్టేజీ మితిమీరకుండా ఆపే రెగ్యులేటర్ రెక్టిఫైయర్), మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) వరసగా చూడకుండా ఏదీ మార్చకండి.

డిజిటల్ మల్టీమీటర్, స్పానర్లు, ఉప్పుకాగితం చాలు. టెస్ట్ బల్బు వద్దు. అది వెలుగుతుందే గానీ ఎన్ని వోల్టులో చెప్పదు.

ముందు బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆగాక డీసీ 20 రేంజిలో 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12 లోపుంటే బయట చార్జ్ చేయించాకే మిగతా పరీక్షలు. నీళ్ల బ్యాటరీ అయితే కడప మే నెల ఎండలకు మట్టం ఇట్టే పడిపోతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి, క్యాన్ నీళ్లు కాదు.

ఇంజన్ స్టార్ట్ చేసి, లైటు వేసి, 4,000–5,000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.8–14.5 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టే. అంకె పైకి లేవకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే ఆర్‌ఆర్ యూనిట్ పోయినట్టే, బల్బులూ మాడతాయి. బండి నడుస్తుండగా టెర్మినల్ పీకి 'ఆగిందా లేదా' అని చూసే పరీక్ష మాత్రం మానండి. ఒక్క దెబ్బకు యూనిట్టూ, ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండయితే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ కూడా పోవచ్చు.

అందరూ తప్పేది కాయిల్ దగ్గరే. చాలా బళ్లలో కాయిల్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి (చిన్న బళ్లలో వేరేగా ఉండొచ్చు, మాన్యువల్ చూడండి). ఆ వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ విప్పగానే పిన్నులు చూడండి. ప్లాస్టిక్ నల్లబడి కరిగుంటే సగం జబ్బు అదే.

మీటరు ఓమ్స్‌లో పెట్టి ముందు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి ఆనించండి. 0.3 చూపిస్తే అది మీటరు వైర్లది, ప్రతి కొలత నుంచీ తీసేయాలి. ఇది చేయకే మంచి కాయిల్‌ని పారేస్తారు. తర్వాత వైర్లను జంటలుగా కొలవండి. మూడు జంటలూ ఒకేలా, సాధారణంగా ఒక ఓమ్ లోపు రావాలి. ఏ వైరుకీ ఇంజన్ బాడీకీ మధ్య కనెక్షన్ చూపించకూడదు. చూపిస్తే కాయిల్ ఎర్త్ అయింది, మార్చాల్సిందే. చల్లటి ఇంజన్ మీద బాగున్న కాయిల్ వేడెక్కాక ఎర్త్ అవుతుంది కాబట్టి, ఇరవై నిమిషాలు నడిపి మళ్లీ కొలవండి.

ఆపైన మీటరు ఏసీ 200కి మార్చి, కప్లర్ విప్పే ఉంచి ఇంజన్ రేజ్ చేయండి. పిన్నుకు చేయి తగలనివ్వకండి. మూడు జంటల్లోనూ దాదాపు సమానంగా, 5,000 ఆర్‌పీఎం దగ్గర 50 వోల్టులకు పైగా రావడం మామూలు. ఒక జంట బాగా తగ్గితే కాయిల్ కాలింది. మీటరు డీసీలోనే ఉంటే సున్నా చూసి కాయిల్‌ని తిడతారు.

కాయిల్ మంచిదైతే ఆర్‌ఆర్ యూనిట్ మార్చే ముందు దాని ఎర్త్ బోల్టు విప్పి పెయింటు ఉప్పుకాగితంతో గీకండి. యూనిట్‌ని చల్లబరిచే ఫిన్నుల (రెక్కల) మధ్య నంద్యాల నల్లరేగడి గట్టిపడి ఉంటే కడిగేయండి. గాలాడక యూనిట్ కాలుతుంది.

14 వస్తున్నా తెల్లారేసరికి బ్యాటరీ పడుకుంటే లీకేజీ, అంటే బండి ఆపినా కరెంటు ఎక్కడో పోతోంది. ఇగ్నిషన్ ఆపి, మైనస్ వైరు విప్పి, మీటరు 10 ఆంపియర్లలో పెట్టి ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కలపండి. కొన్ని మిల్లీ ఆంపియర్లు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. తరచూ దొరికేది అదనంగా వేసిన హారన్ వైరో, ట్రాకరో. మీటరు అలా ఉండగా సెల్ఫ్ నొక్కితే మీటరు ఫ్యూజు పోతుంది.