ఆనవాలు దొరకని మృతదేహానికి తల్లి వంశం జాడ: మైటోకాండ్రియల్ డీఎన్ఏను వాడే పద్ధతి

విశాఖ తీరానికి కొట్టుకొచ్చిన మృతదేహం చాలా రోజులు ఉప్పునీటిలో నానితే ముఖం పోల్చుకోలేం, వేలిముద్రలూ నిలవవు. అప్పటికి కణ కేంద్రకంలోని డీఎన్ఏ కూడా తరచూ ముక్కలైపోయి ఉంటుంది. కణానికి రెండేసి ప్రతులు మాత్రమే ఉండే ఆ డీఎన్ఏతో పోలిస్తే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో 16,569 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జంటల) వలయంగా వందల నుంచి వేల ప్రతుల్లో ఉండే మైటోకాండ్రియల్ డీఎన్ఏ ఎముకలోనూ, కుదురు లేని వెంట్రుకలోనూ మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. అయినా ముందు కేంద్రక డీఎన్ఏపై, అందులో పదేపదే వచ్చే చిన్న ఖండాల సంఖ్యను పోల్చే ఎస్‌టీఆర్ పరీక్షకే ప్రయత్నించాలి. అది వ్యక్తిని గుర్తిస్తుంది; మైటోకాండ్రియల్ డీఎన్ఏ తల్లి నుంచే పిల్లలకు వస్తుంది కనుక తల్లి వంశాన్ని మాత్రమే చూపుతుంది.

శవ పంచనామా, పోస్టుమార్టం జరిగేటప్పుడే తొడ ఎముక నడిమి ముక్కను, పుచ్చిపోని దవడ పళ్లను తీయించాలి. వాటిని ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది. మన తీరపు ఉక్కపోతలో తడి ఎముకను ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే బూజు పడుతుంది కనుక ఆరబెట్టి కాగితపు కవరులో సీలు చేయాలి, ఆరబెట్టే వీలు లేకపోతే ఫ్రీజర్‌లో ఉంచాలి. నమూనాను ముట్టుకున్న ప్రతి ఒక్కరి పేరూ రాసి, వారి బుగ్గ లోపలి నమూనా కూడా తీసుకోవాలి. ఇన్ని ప్రతులున్న డీఎన్ఏ విషయంలో బయటివారి చేతి నుంచి అంటిన కాస్త మలినమైనా ఫలితాన్ని తారుమారు చేయగలదు.

అసలు జాగ్రత్తంతా బంధువును ఎంచుకోవడంలో ఉంది. తల్లి, అమ్మమ్మ, తోబుట్టువులు, తల్లి తోడబుట్టినవారు, తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలు పనికొస్తారు. తండ్రి, మేనత్త, బాబాయి మామూలుగా పనికిరారు; చనిపోయింది పురుషుడైతే అతని పిల్లలూ పనికిరారు. పిన్ని వచ్చిందని విని నమూనా తీసేసుకోకూడదు, ఆమె తల్లికి చెల్లెలు కావచ్చు, బాబాయి భార్య కావచ్చు. అందుకే మధ్యలోని ప్రతి ఆడమనిషి పేరుతో వంశవృక్షం గీసి, ఎవరు ఎవరి కడుపున పుట్టారో రాసుకోవాలి. అక్క కూతురిని పెళ్లాడిన కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరిదీ, వారి పిల్లలదీ ఒకే మైటోకాండ్రియల్ క్రమం. ఆ సంగతి దరఖాస్తులో రాయకపోతే, భార్య నమూనా ఎలా సరిపోయిందో తెలియక ప్రయోగశాల అయోమయంలో పడుతుంది.

ప్రయోగశాలలో ఎముక పైపొరను గీకి, శుభ్రపరిచి, పొడి చేసి, ఈడీటీఏ అనే రసాయనంతో కాల్షియం తొలగించి డీఎన్ఏ తీస్తారు. మార్పులు ఎక్కువగా కనిపించే నియంత్రణ ప్రాంతంలోని రెండు ఖండాలను, అంటే 16024–16365, 73–340 స్థానాల మధ్య భాగాలను, పీసీఆర్ పద్ధతిలో ఎన్నో ప్రతులుగా పెంచి, రెండు పోగులనూ చదివి, 1999లో సవరించిన కేంబ్రిడ్జి ప్రామాణిక క్రమంతో తేడాలను మాత్రమే రాస్తారు. 16189 వద్ద టీ అనే బేస్ స్థానంలో సీ అనే బేస్ ఉంటే వరుసగా వచ్చే సీ బేస్‌ల సంఖ్య పెరిగి ఆ తర్వాతి చదువు చెదిరిపోతుంది. అక్కడ రెండో దిశ నుంచీ చదివించాలి.

పోలికలో వరుస సీల పొడవు తేడాలను లెక్కలోకి తీసుకోరు. అవి కాక రెండు లేదా అంతకు మించి తేడాలుంటే ఒకే తల్లి వంశం కాదని తేల్చవచ్చు. ఒక్క తేడా మాత్రమే ఉంటే నిర్ణయం చెప్పకూడదు, ఒకే తల్లి వంశంలోనూ అలాంటి తేడా రావచ్చు. రష్యా జార్ రెండో నికొలాస్ ఎముకల్లో 16169 స్థానంలో సీ, టీ రెండూ కలిసి కనిపించాయి. బతికున్న తల్లివైపు బంధువుల్లో ఆ కలయిక లేకపోవడంతో రేగిన సందేహం, ఆయన తమ్ముడి అవశేషాల్లోనూ అదే కలయిక బయటపడ్డాక తీరింది.

తేడాలేమీ లేకపోతే నివేదికలో ‘ఇతడే’ అని కాక, ‘ఈ తల్లి వంశానికి చెందినవాడు కాడని చెప్పలేం’ అనే రాయాలి. ఆ క్రమం జనాభాలో ఎంత అరుదో కూడా చెప్పాలి: ఉదాహరణకు 1,500 మంది సమాచారంలో అది ఒక్కసారీ కనిపించకపోతే, 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ పరిమితి సుమారు 500 మందిలో ఒకరు. ఆ సమాచారం మన ప్రాంతపు జనాభాకు దగ్గరగా ఉండాలి.

ఒకే పడవలో వేటకు వెళ్లిన అన్నదమ్ములిద్దరూ గల్లంతైతే ఈ పరీక్ష వారిని విడదీయలేదు, తండ్రి నుంచి కొడుకులకు వచ్చే వై క్రోమోజోమ్ పరీక్షా విడదీయలేదు. అలాంటి ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడే ఇద్దరి భార్యల, పిల్లల నమూనాలు కూడా తీసుకుని, ఎవరి పిల్లలు ఎవరో కవరు మీద రాయాలి. ఎముకలో కేంద్రక డీఎన్ఏ కొంతైనా దొరికితే ఎవరి దేహం ఏ ఇంటికి అప్పగించాలో ఆ నమూనాలతోనే తేలే అవకాశం ఉంది.