దూరపు గెలాక్సీని చదవడం – 5వ పాఠం: ఎర్రగా ఉన్నవన్నీ ఆగిపోయినవేనా?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చాలామంది సరిగ్గానే చేశారు. రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందన్న కొలత) 0.05 ఉన్న గెలాక్సీ వర్ణపటంలో, అంటే దాని వెలుగుని రంగులుగా విడదీసిన పటంలో, హైడ్రోజన్ ఇచ్చే హెచ్-ఆల్ఫా గీతని తరంగదైర్ఘ్యం 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వెతికితే దొరకదు. 6563ని 1.05తో గుణించి, 6891 దగ్గర వెతకాలి. కందుకూరులో డిగ్రీ చదివే కుర్రాడొకడు అక్కడితో ఆగకుండా స్లోన్ సర్వే అనే ఆకాశ సర్వే బొమ్మల్లోంచి ఒక గెలాక్సీని ఏరి పంపించాడు. "ఇది ఎర్రంగా ఉండాది సార్, అంటే ఇందులో నక్షత్రాలు పుట్టడం ఆగిపోయినట్టే గదా?" అని అడిగాడు. ఈసారి పాఠం ఆ ప్రశ్న మీదే.

అతను అలా అనుకోవడానికి కారణం ఉంది. నక్షత్రాల్లో భారీవి మహా వేడిగా, నీలంగా ఉంటాయి, తొందరగా కాలిపోతాయి. సూర్యుడికి ఇరవై రెట్లు బరువున్న నక్షత్రం ఆయుష్షు సుమారు కోటి ఏళ్లు. సూర్యుడిలాంటిదైతే వెయ్యి కోట్ల ఏళ్లు వెలుగుతుంది. కాబట్టి కొత్తవి పుట్టడం ఆగితే ముందు పోయేవి నీలివే. మిగిలిన ముసలివన్నీ కలిసి గెలాక్సీకి పసుపు, ఎరుపు రంగునిస్తాయి. 2001లో స్ట్రాటేవా బృందం స్లోన్ సర్వేలోని దాదాపు లక్షన్నర గెలాక్సీల రంగులు కొలిస్తే అవి రెండు గుంపులుగా విడిపోయాయి. యూ (అతినీలలోహితం వైపు) ఫిల్టర్ ప్రకాశాంకం, అంటే వెలుగు కొలత, లోంచి ఆర్ (ఎరుపు) ఫిల్టర్ ప్రకాశాంకం తీసేస్తే వచ్చే అంకె 2.22 దగ్గర ఆ రెండు గుంపుల మధ్య హద్దు ఉంది.

చేసి చూడండి. స్లోన్ సర్వే వెబ్‌సైటు స్కైసర్వర్‌లో గెలాక్సీ మీద నొక్కి 'ఎక్స్‌ప్లోర్' పేజీ తెరిస్తే యూ, జీ, ఆర్, ఐ, జెడ్ అనే ఐదు అంకెలు వరసగా ఉంటాయి. యూ 18.9, ఆర్ 16.4 అనుకుందాం. తేడా 2.5. అంటే ఎర్ర గుంపు. ప్రకాశాంకం పెరిగితే వెలుగు తగ్గినట్టని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. ఇక్కడ తికమక పడేది ఎక్కువగా దాంతోనే. ఈ 2.22 అనే హద్దు మనకి దగ్గరలో ఉన్న గెలాక్సీలకే పనికొస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ ఫిల్టర్లలో పడే వెలుగే వేరు, దాన్ని అక్కడ వాడకండి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ధూళితో. నక్షత్రాలు పుట్టే చోటే ధూళి కూడా దట్టంగా ఉంటుంది. అది నీలాన్ని ఎక్కువగా మింగేసి ఎరుపుని బయటికి వదుల్తుంది. పక్కవాటుగా కనిపించే పళ్లెం గెలాక్సీని తీసుకుంటే, దాని వెలుగు ధూళి పట్టీ అంతటినీ దాటుకుని మన దాకా రావాలి. లోపల నక్షత్రాలు జోరుగా పుడుతున్నా బయటికి ఎర్రగానే కనిపించొచ్చు. కందుకూరు నుంచి వచ్చిన బొమ్మలో గెలాక్సీ సన్నగా, పొడుగ్గా ఉంది, నడిమధ్యలో నల్లటి చార. రంగు ఒక్కటే చూసి దానికి తీర్పు చెప్పకూడదు.

దూరపు వాటికి ఈ చిక్కు తీర్చడానికి పరిశోధకులు ఒకటికి రెండు రంగులు కొలుస్తారు. ఒకటి అతినీలలోహితానికీ మామూలు కాంతికీ మధ్య తేడా, రెండోది మామూలు కాంతికీ పరారుణానికీ మధ్య తేడా. ధూళి పట్టిన గెలాక్సీ రెండింట్లోనూ ఎర్రగా ఉంటుంది. ముసలి గెలాక్సీ మొదటి దాంట్లో ఎర్రగా ఉన్నా రెండో దాంట్లో అంత ఎరుపు చూపించదు. దీన్ని యూవీజే పటం అంటారు. ఈ పాఠానికి ఇంతవరకు తెలిస్తే చాలు.

నాలుగు గుర్తులు, నాలుగు కాలాలు

ఇప్పుడు అసలు పని. వర్ణపటంలో మనం చూసే ఒక్కో గుర్తూ ఒక్కో కాలం గురించి చెబుతుంది. ఈ సంగతి మనసుకి పడితే మిగతాదంతా సాధనే.

హెచ్-ఆల్ఫా ఉద్గార రేఖ (వెలుగు పైకి పొడుచుకొచ్చే గీత) రావాలంటే చుట్టూ ఉన్న హైడ్రోజన్ అయనీకరణం కావాలి, అంటే దాని ఎలక్ట్రాన్లు ఊడిపోవాలి. నక్షత్రాల్లో ఆ పని ముఖ్యంగా చేసేవి అతి భారీవే, అవి బతికేది కోటి ఏళ్ల లోపు. కాబట్టి ఈ గీత పైకి పొడుచుకుని కనిపిస్తే పుట్టుకలు దాదాపు ఇప్పుడే జరుగుతున్నాయన్నమాట. ఆ గీత కనిపించకపోతే పోయిన కోటి ఏళ్లలో పెద్దగా ఏమీ పుట్టలేదని మాత్రమే అర్థం. అంతకుమించి ఏమీ చెప్పదు.

అతినీలలోహిత కాంతికి కొంచెం ఎక్కువ జ్ఞాపకం, సుమారు పది కోట్ల ఏళ్లు. దీన్ని నేల మీంచి కొలవలేం, ఓజోన్ పొర అడ్డం. ఇందుకోసమే ఆస్ట్రోశాట్ ఉపగ్రహం మీద యూవిట్ అనే టెలిస్కోపు పెట్టి 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పంపారు. శ్రీహరికోట అప్పట్లో మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాకి పోయింది. రాకెట్ పొగచార మాత్రం ఇప్పటికీ మన మేడల మీదికి కనిపిస్తుంది, దానికి జిల్లా హద్దులు అడ్డం రావు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్రమైన అతినీలలోహిత కాంతిని ఆ యూవిట్ పట్టుకుందని 2020లో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయుకా శాస్త్రవేత్తల ఆధ్వర్యంలోని బృందం ప్రకటించింది.

మూడోది హెచ్-డెల్టా అనే ఇంకో హైడ్రోజన్ గీత, 4102 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది. ఇది కిందికి గుంటలా దిగిందా లేదా అని చూడాలి. సుమారు పదివేల డిగ్రీల వేడి ఉండే ఏ-తరగతి నక్షత్రాల్లో హైడ్రోజన్ శోషణ (వెలుగుని మింగడం) అన్నిటికంటే బలంగా ఉంటుంది. అవి దాదాపు వంద కోట్ల ఏళ్ల పాటు బతుకుతాయి. అందుకే హెచ్-ఆల్ఫా లేకుండా హెచ్-డెల్టా గుంట లోతుగా ఉంటే ఆ గెలాక్సీలో పుట్టుకలు ఈ మధ్యనే, ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇలాంటివాటిని 1983లో డ్రెస్లర్, గన్ ఒక గెలాక్సీ గుంపులో గమనించి బయటపెట్టారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన రకం ఇదే. మార్పు జరిగీ జరగని ఘడియలో దొరికిన గెలాక్సీలు కదా!

నాలుగోది 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల మెట్టు. ముసలి, చల్లటి నక్షత్రాల్లో కాల్షియం, ఇనుము లాంటి మూలకాల గీతలు 4000కి కాస్త నీలం వైపు గుంపుగా పడి వెలుగుని తినేస్తాయి. వర్ణపటం అక్కడ మెట్టు దిగినట్టు పడిపోతుంది. మెట్టు ఎంత ఎత్తుగా ఉంటే నక్షత్రాలు అంత ముసలివి, వందల కోట్ల ఏళ్లవి.

చేతికి పని: జీఎస్-9209

2023లో ఎడిన్‌బరోకి చెందిన కార్నాల్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో తీసిన, జీఎస్-9209 అనే దూరపు గెలాక్సీ వర్ణపటం ఇది. రెడ్‌షిఫ్ట్ 4.658. ముందు ఏది ఎక్కడ పడుతుందో లెక్కేద్దాం. గుణకం 5.658. 4000 మెట్టు 22,632 ఆంగ్‌స్ట్రామ్‌లకి, అంటే 2.26 మైక్రాన్లకి జరుగుతుంది. హెచ్-ఆల్ఫా 3.71 మైక్రాన్లకి పోతుంది. రెండూ పరారుణమే. భూమ్మీది టెలిస్కోపులకి ఇంత పరారుణంలో స్పష్టత కష్టం కాబట్టే వెబ్ అవసరమైంది.

వర్ణపటంలో హైడ్రోజన్ శోషణ గుంటలు లోతుగా ఉన్నాయి. అంటే ఏ-తరగతి నక్షత్రాలు నిండుగా ఉన్నాయి, ఆగి ఎంతోకాలం కాలేదు. కానీ హెచ్-ఆల్ఫా దగ్గరికి పోతే ఉద్గారం కనిపిస్తుంది! "అయితే ఇంకా పుడుతున్నాయా?" అని అడగబోతారు. ఆగండి, గీత వెడల్పు కొలవండి.

కొలిచే పద్ధతి సులువు. కాంతి వేగం సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు. వాయువు సెకనుకి వెయ్యి కిలోమీటర్ల తేడాతో కదులుతుంటే గీత తన తరంగదైర్ఘ్యంలో మూడువందో వంతు వెడల్పవుతుంది. 6563ని 300తో భాగిస్తే సుమారు 22 ఆంగ్‌స్ట్రామ్‌లు. నక్షత్రాలు పుట్టే మేఘాల్లో వేగాలు మహా అయితే కొన్ని వందల కిలోమీటర్లు, అంచేత గీత సన్నగా ఉండాలి. రెడ్‌షిఫ్ట్ సరిచేశాక కూడా గీత 40, 50 ఆంగ్‌స్ట్రామ్‌లకి మించి పరుచుకుని ఉంటే అది కృష్ణబిలం చుట్టూ గిరగిరా తిరిగే వాయువు పని. జీఎస్-9209లో గీత అలా బాగా వెడల్పుగా ఉంది. అక్కడున్న కృష్ణబిలం బరువు 50 నుంచి 100 కోట్ల సూర్యులంత అని వాళ్ల లెక్క.

అన్నీ కలిపితే కథ ఇలా వస్తుంది: దాదాపు 4 వేల కోట్ల సూర్యుల బరువున్న నక్షత్రాలు తొందర తొందరగా పుట్టేశాయి. విశ్వానికి సుమారు 80 కోట్ల ఏళ్ల వయసొచ్చేసరికి పుట్టుకలు ఆగాయి. మనం చూస్తున్నది 125 కోట్ల ఏళ్లప్పటి వెలుగు. మధ్యలో గడిచింది 45 కోట్ల ఏళ్లు, ఏ-తరగతి నక్షత్రాలు ఇంకా బతికుండే కాలమే. గుంటలు అంత లోతుగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా.

ఎందుకు ఆగింది?

మా ఉదయగిరి వైపు చెరువు ఖాళీ అయిందంటే, నీళ్లు తెచ్చే వాగు ఆగినా అవ్వాలి, కట్ట అయినా తెగాలి. వాగు ఆగితే ఉన్న నీళ్లతో ఒక పంట గట్టెక్కుతుంది, కట్ట తెగితే ఒక్క రాత్రిలో అడుగు కనిపిస్తుంది. గెలాక్సీకి చల్లటి వాయువు విషయంలోనూ ఈ రెండు దారులున్నాయి. ఏది జరిగిందో దూరం నుంచే ఎలా చెప్పగలమన్నది ప్రశ్న.

2015లో పెంగ్, మయోలినో, కొక్రేన్ అనే పరిశోధకులు దీనికి తెలివైన ఉపాయం పట్టారు. నక్షత్రాలు పుట్టి చచ్చేకొద్దీ వాయువులో ఇనుములాంటి భారమూలకాలు పెరుగుతాయి. బయట్నుంచి కొత్త వాయువు వస్తూంటే అవి పలచబడతాయి. రాక ఆగిపోయి, లోపలున్నదాంతోనే నెట్టుకొస్తే ఆఖరున పుట్టే నక్షత్రాల్లో భారమూలకాలు పేరుకుంటాయి. వాయువంతా ఒక్కసారి బయటికి పోతే అలా పేరుకునే వ్యవధే ఉండదు. వాళ్లు దగ్గరి గెలాక్సీలు వేలకొద్దీ చూస్తే, ఒకే బరువున్నవాటిలో ఆగిపోయినవాటికే భారమూలకాలు ఎక్కువ. అంటే ఎక్కువశాతం వాటికి రాక ఆగింది. పూర్తిగా చల్లారడానికి సుమారు 400 కోట్ల ఏళ్లు పట్టిందని వాళ్ల అంచనా.

విశ్వం చిన్నవయసులో ఉన్నప్పుడు ఆగిపోయినవాటికి ఇది సరిపడదు. జీఎస్-9209కి 400 కోట్ల ఏళ్లు ఎక్కడివి? అక్కడ రెండో దారిని అనుమానించాలి. జీఎస్-10578 అనే మరో దూరపు గెలాక్సీలో సెకనుకి వెయ్యి కిలోమీటర్ల దాకా వేగంతో చల్లటి వాయువు బయటికి పోతోందని 2024లో వెబ్ పరిశీలనలు చూపించాయి. ఆ వాయువు మెరవదు, వెనకున్న వెలుగులో సోడియం గీతని శోషించి, నీలం వైపు జరిపి తన ఆచూకీ ఇచ్చింది. తోసేది నడిమధ్య ఉన్న కృష్ణబిలం.

గెలాక్సీ గుంపుల్లో పడ్డ చిన్నవాటికి ఇంకో గతి. గుంపులోని వేడి వాయువు ఎదురుగాలిలా కొట్టి వాటి వాయువుని ఒలిచేస్తుంది. దాన్ని గురించి ఇంకోసారి.

ఇంకొక మెలిక ఉంది. వాయువు ఉన్నా పుట్టుకలు ఆగొచ్చు. ఎం87 అనే గెలాక్సీనే చూడండి. దాని చుట్టూ వాయువు బోలెడు, కానీ కోట్ల డిగ్రీల వేడిలో ఉంది. అది చల్లబడి కుప్పకూలితేనే నక్షత్రం. చల్లబడకుండా 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం, 2019లో ఫొటో వచ్చింది చూడండి, అదే, తను చిమ్మే జెట్టుతో వేడి ఎక్కిస్తూ ఉంటుంది. ఇది నెల్లూరుకి దాదాపు నడినెత్తిన వచ్చే గెలాక్సీ. ఏప్రిల్ చివర్లో రాత్రి పదిన్నర ప్రాంతంలో, ఊరి లైట్లకి దూరంగా, ఆరంగుళాల టెలిస్కోపులో చిన్న మసక మచ్చలా కనిపిస్తుంది. 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు మరి, అంతకంటే ఆశించకండి.

ఈసారి పని

స్కైసర్వర్‌లో రెడ్‌షిఫ్ట్ 0.02 నుంచి 0.1 లోపున్న మూడు గెలాక్సీలు తీసుకోండి. ఒకటి నీలంగా, ఒకటి గుండ్రంగా ఎర్రగా, ఒకటి పక్కవాటుగా ఎర్రగా ఉండాలి. మూడింటికీ వర్ణపటం ఉందో లేదో ముందే చూసుకోండి, అన్నిటికీ ఉండదు. నోటుబుక్కులో ఒక్కోదానికి యూ-ఆర్ తేడా, హెచ్-ఆల్ఫా ఉందా, ఉంటే సన్నగానా వెడల్పుగానా, హెచ్-డెల్టా గుంట ఎంత లోతు, 4000 మెట్టు ఎంత ఎత్తు అని రాసుకోండి. తీర్పు అన్నీ నింపాకే రాయండి. రంగు ఒక మాట చెప్పి గీతలు ఇంకో మాట చెబితే రెండూ రాయండి, దిద్దకండి.

దాంతోపాటు ఒక లెక్క: రెడ్‌షిఫ్ట్ 0.08 అయితే హెచ్-డెల్టా ఎక్కడ పడుతుంది, 4000 మెట్టు ఎక్కడ పడుతుంది? కావలి, ఒంగోలు బృందాలు ఫోన్లోనే చేస్తున్నామన్నారు. గుణించడానికి ఫోను సరే, గుంట లోతు చూడటానికి మాత్రం పెద్ద తెర పట్టుకోండి.

కృష్ణబిలం వల్ల వచ్చే గీత సన్నగా కూడా ఉండొచ్చు, అప్పుడు వెడల్పు కొలిచే ఈ ఉపాయం పారదు. ఆక్సిజన్, నైట్రోజన్ గీతల్ని హైడ్రోజన్ గీతలతో పోల్చి తేల్చే పద్ధతిని 1981లో బాల్డ్విన్, ఫిలిప్స్, టెర్లెవిచ్ ఇచ్చారు. 6వ పాఠంలో దాన్ని గ్రాఫు కాగితం మీద గీద్దాం. మీ మూడు గెలాక్సీల అంకెలు అప్పుడు మళ్లీ కావాలి, ఆ నోటుబుక్కు పారేయకండి.