ఆకస్మిక ఒత్తిడికి హార్మోన్ల స్పందన: పరిశోధనలో కొలిచే పద్ధతి

ఒత్తిడి ఎదురైనప్పుడు శరీరంలో రెండు వ్యవస్థలు రెండు వేగాలతో కదులుతాయి. ప్రమాద వేళ శరీరాన్ని సిద్ధం చేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థ ప్రేరణతో అడ్రినలిన్, నారడ్రినలిన్ క్షణాల్లో రక్తంలోకి చేరి, కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతాయి. మెదడులోని హైపోథలమస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మీదుగా ఆదేశం అందుకునే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే కార్టిసాల్ మాత్రం నింపాదిగా పెరుగుతుంది. అందువల్ల నమూనా తీసిన సమయం తెలియకపోతే ఎంత కచ్చితమైన అంకె అయినా దేనికీ కొరగాదు.

ముందుగా ప్రయోగ వేళను నిర్ణయించుకోవాలి. నిద్ర లేచిన తర్వాత 30 నుంచి 45 నిమిషాల్లో కార్టిసాల్ సహజంగానే శిఖరానికి చేరి, ఆపై రోజంతా తగ్గుతూ వస్తుంది కనుక, పాల్గొనేవారందరినీ మధ్యాహ్నం వేళే పిలవడం మేలు. ఆహారం, కాఫీ, పొగ, వ్యాయామం, పళ్లు తోముకోవడం వంటివాటికి పరీక్షకు ముందు కనీసం గంటసేపు దూరంగా ఉండమని చెప్పాలి. స్టెరాయిడ్ మందులు వాడేవారిని మినహాయించాలి. నోటి ద్వారా తీసుకునే గర్భనిరోధక మాత్రలు రక్తంలో కార్టిసాల్‌ను బంధించే ప్రొటీన్‌ను పెంచి, లాలాజలంలో కనిపించే స్వేచ్ఛా (ప్రొటీన్‌కు అంటుకోని) కార్టిసాల్ స్పందనను తగ్గిస్తాయి. ఆ వివరం నమోదు చేయకుండా స్త్రీపురుషుల ఫలితాలను పోల్చడం సరికాదని నా అభిప్రాయం.

ఒత్తిడి కలిగించడానికి 1993లో వెలువడిన ట్రియర్ సామాజిక ఒత్తిడి పరీక్ష నేటికీ నమ్మదగినది. అందులో పాల్గొనే వ్యక్తి కొద్దిసేపు సిద్ధమై, ముఖంలో ఏ భావమూ కనబరచని న్యాయనిర్ణేతల ఎదుట 5 నిమిషాలు ప్రసంగించి, మరో 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి లెక్క చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికి రావాలి. ఇతరులు మనల్ని తూకం వేస్తున్నారన్న భావన, పరిస్థితి మన చేతిలో లేదన్న భావన కలిసినప్పుడే కార్టిసాల్ బలంగా పెరుగుతుంది. కాబట్టి న్యాయనిర్ణేతలు ఒక్క చిరునవ్వు నవ్వినా పరీక్ష పలచబడుతుంది.

వచ్చిన వెంటనే తొలి నమూనా తీయకూడదు. కొత్త చోటు కలిగించే కంగారు తగ్గేలా అరగంట కూర్చోబెట్టి, పరీక్షకు కాస్త ముందు ఒకటి, ముగిసిన వెంటనే ఒకటి, ఆపై 10, 20, 30, 45, 60 నిమిషాలకు ఒక్కొక్కటి చొప్పున లాలాజలం సేకరించాలి. కార్టిసాల్ శిఖరం సాధారణంగా పరీక్ష ముగిసిన 10 నుంచి 20 నిమిషాల మధ్య కనిపిస్తుంది. రక్తంలోని అడ్రినలిన్ కావాలంటే సూదిపోటే ఒత్తిడి కాకుండా క్యాన్యులాను (రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టాన్ని) ముందే అమర్చాలి. ఆ రక్తాన్ని వెంటనే మంచులో ఉంచి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రంలో) ప్లాస్మాను, అంటే కణాలు తీసేసిన ద్రవాన్ని వేరుచేసి, దాన్ని మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరచాలి. లాలాజలంలోని కార్టిసాల్ అంత సున్నితం కాదు, మైనస్ 20 డిగ్రీలు సరిపోతుంది. అయితే చిగుళ్ల నుంచి రక్తం కలిసి ఎర్రబారిన నమూనాను పక్కన పెట్టాలి. చేతికి హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలోని కార్టిసాల్) క్రీము రాసుకున్న వ్యక్తి లాలాజలాన్ని పీల్చే దూదిచుట్టను ముట్టుకుంటే, ఆ ఒక్క గొట్టంలో నమ్మశక్యం కాని అంకె వస్తుంది.

ఒక వ్యక్తి నమూనాలన్నింటినీ ఒకే ప్లేటులో (చిన్న గుంటలున్న పరీక్షా పలకలో), రెండేసి సార్లు పరీక్షించాలి. ఇమ్యునోఅస్సేలు (యాంటీబాడీలతో హార్మోన్‌ను గుర్తించే పరీక్షలు) కార్టిసాల్‌ను పోలిన కార్టిసోన్‌ను కూడా కొంత కార్టిసాల్‌గా లెక్కించవచ్చు కనుక, వీలున్నచోట అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీని ఎంచుకోవడం ఉత్తమం. విశ్లేషణలో శిఖరపు విలువ ఒక్కటే కాక, తొలి స్థాయి నుంచి పెరుగుదలను, సమయంతో కార్టిసాల్ మార్పును చూపే వక్రరేఖ కింది వైశాల్యాన్ని కూడా లెక్కించాలి.

న్యాయనిర్ణేతల కాఠిన్యం కేవలం ప్రయోగంలో భాగమని చివరి నమూనా తీసుకోగానే పాల్గొన్నవారికి స్పష్టంగా వివరించాలి. అంతకుముందే చెబితే వారు పొందే ఊరట కోలుకునే దశలోని అంకెలను మార్చవచ్చు. అసలే చెప్పకుండా పంపడం వారికి అన్యాయం.