పడుకోగానే గుండెల్లో మంట వస్తుంటే ఏం చేయాలి?

ఒక సీసాలో సగం దాకా నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి టేబుల్ మీద అడ్డంగా పడుకోబెట్టండి. నిలబెట్టినప్పుడు చుక్క కూడా రాని సీసా ఇప్పుడు అంచు నుంచి కారడం మొదలుపెడుతుంది. రాత్రి నడుం వాల్చగానే మంట రావడం, గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నడం కూడా దాదాపు ఇలాంటిదే. అన్నవాహిక పొట్టలో కలిసేచోట ఒక కండరం మూతలా బిగుసుకుని ఉంటుంది. అది వదులైతే యాసిడ్ పైకి వస్తుంది. పగలైతే భూమ్యాకర్షణ దాన్ని మళ్లీ కిందికి లాగుతుంది. పడుకుంటే ఆ సాయం ఉండదు. పైగా నిద్రలో లాలాజలం ఊరడం, మింగడం రెండూ తగ్గిపోతాయి కాబట్టి పైకొచ్చింది చాలాసేపు అక్కడే ఉండిపోతుంది.

అందుకే పని మంచం దగ్గర మొదలుపెట్టండి.

1. మంచం తలవైపు ఎత్తు పెంచండి

15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. తలవైపు ఉన్న రెండు కాళ్ల కిందా ఒకే ఎత్తున్న గట్టి చెక్క దిమ్మలు పెట్టండి. దిమ్మ మంచం కాలి కంటే వెడల్పుగా ఉండాలి, మధ్యలో చిన్న గుంట ఉంటే కాలు జారదు. ఒకరు మంచం ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు దిమ్మ పెట్టడం మంచిది. ఎక్కే ముందు మంచాన్ని అటూ ఇటూ ఊపి చూడండి.

చాలామంది ఇంత శ్రమ ఎందుకని రెండు మూడు దిండ్లు పేర్చేస్తారు. నేనూ అదే చేశాను. మెడ పట్టేసింది, మంట మాత్రం తగ్గలేదు. దిండ్ల మీద తల ఒక్కటే లేస్తుంది, నడుము దగ్గర ఒళ్లు మడతపడుతుంది, పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఛాతీ మొత్తం ఏటవాలుగా లేవాలి. మంచం కదిలించే వీలు లేకపోతే నడుము పైభాగం నుంచి తల దాకా ఆనే ఏటవాలు ఫోమ్ దిండు వాడండి. మొదట్లో కిందికి జారిపోతున్నట్టు అనిపిస్తుంది, కొన్ని రోజులకు అలవాటైపోతుంది.

2. ఎడమవైపు తిరిగి పడుకోండి

పొట్టలో ఎక్కువ భాగం మన ఎడమవైపు ఉంటుంది. అటు తిరిగితే యాసిడ్ అడుగున నిలుస్తుంది, అన్నవాహిక ద్వారం దానికంటే పైన ఉంటుంది. కుడివైపు తిరిగితే ఇది తారుమారవుతుంది. వీపు వెనక పొడవాటి దిండు పెట్టుకుంటే నిద్రలో దొర్లిపోకుండా ఆగుతారు. మధ్యలో మెలకువ వచ్చి, కుడివైపు ఉన్నారని గమనిస్తే మళ్లీ ఎడమవైపు తిరగండి. దీనికోసం రాత్రంతా టెన్షన్ పడక్కర్లేదు.

3. భోజనానికీ పడకకీ మధ్య 3 గంటలు ఉంచండి

11 గంటలకు పడుకునేవారు 8 కల్లా తినేయాలి. ఆలస్యమైన రోజున కొంచెమే తినండి. తిన్నాక సోఫాలో వాలిపోవడం కూడా పడుకోవడం కిందే లెక్క. కూర్చోండి, లేదా మెల్లగా నడవండి. వెంటనే పరుగులు, బరువులు ఎత్తడాలు వద్దు.

4. పొట్టను నొక్కేవి తగ్గించండి

బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకోండి. కింద పడిన వస్తువును తీసేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు మడిచి కిందికి దిగండి. అధిక బరువు ఉంటే కొంత తగ్గినా తేడా తెలుస్తుంది. సిగరెట్ ఆ మూత కండరాన్ని వదులు చేస్తుంది, దాన్ని మానేయడమే.

5. మీకు పడనిదేదో రాసుకోండి

కాఫీ, చాక్లెట్, పుదీనా, మద్యం, నూనె ఎక్కువైనవి, కారం: ఈ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. రెండు వారాలు తిన్నదీ, తిన్న టైమూ, మంట వచ్చిన టైమూ రాస్తే మీ జాబితా మీకే తెలుస్తుంది. మిగతావి అనవసరంగా మానుకోకండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

వారంలో రెండుసార్లకు మించి మంట వస్తుంటే యాసిడ్ తగ్గించే మాత్రలు సొంతంగా కొని నెలల తరబడి మింగకుండా డాక్టర్‌ని కలవండి. మింగుతుంటే అడ్డుపడినట్టున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా త్వరగా చూపించుకోవాలి. వాంతిలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో బరువుగా ఉండి నొప్పి చేతికో దవడకో పాకుతుంటే, చెమట పడుతుంటే, ఊపిరి ఆడకపోతే ఎసిడిటీ అనుకుని కూర్చోవద్దు. అది గుండెపోటు కావచ్చు, క్షణం ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.